ఓడ అడుగున గుల్ల

నల్లమల కొండలలో పుట్టి, మా రాచర్లకు చేరువనున్న నెమలిగుండ్ల రంగనాయకస్వామి కోనను దాటి, కంభమువద్ద విజయనగరకాలపు కట్టను తాకి మహాతటాకమై, మార్కాపురపు పలకరాతి నేలలమీదుగా తూర్పునకు పయనించు గుండ్లకమ్మ తుదకు ఒంగోలు సీమ తీరమున బంగాళాఖాతమున గలియుచున్నది. ఆ నది ఎగువభాగమున నివసించు మెట్టవారమగు మాకు చెరువును, బావియు, వాగును తెలిసినంతగా సముద్రము తెలియదు. బండి ఇరుసునకు కందెన ఎప్పుడు పెట్టవలయునో తెలిసినంతగా పడవ యడుగునకు పూత ఎప్పుడు పూయవలయునో తెలియదు. అయినను 1970లో కర్నూలు జిల్లానుండి గిద్దలూరు, మార్కాపురము తాలూకాలను, గుంటూరు నెల్లూరు జిల్లాలనుండి తీరభాగములను చేర్చి ఒకే జిల్లాగా కూర్చిన నాటినుండియు తూర్పు కొసవారి వృత్తిచరిత్ర పడమటి కొసవారికిని సొత్తే యని నా నమ్మకము. అందున, రాజుల యుద్ధములను విపులముగా వర్ణించు గ్రంథములు అంతగా పట్టించుకొనని ప్రకరణ మొకటి నన్ను చిరకాలముగా ఆకర్షించుచున్నది. ఉప్పునీట నిలిచిన ఓడ యడుగునకును, దానిని ముందునకు నెట్టు పంకాకును గుల్ల పట్టుటయు, ఆ గుల్లను మన తీరవాసులు వారించుకొనుచు వచ్చిన విధమును ఆ ప్రకరణము.

చెక్కయైనను లోహమైనను, సముద్రజలమున మునిగిన కొన్ని గంటలలోనే దానిమీద సూక్ష్మజీవుల జిగట పొర యొకటి ఏర్పడును. ఆ పొరమీద సన్నని నాచును, ఆ పిమ్మట నావికులు బార్నకిల్ అని పిలుచు గుల్లలును, సున్నపు గొట్టములు కట్టుకొను పురుగులును, ఆల్చిప్పలును వచ్చి చేరును. గుల్లపిల్ల తొలిదినములలో నీట స్వేచ్ఛగా ఈదుచుండును. తుది దశయందు మేత మాని, నిలువ నీడ వెదకుటయే పనిగా తిరుగును. చోటు దొరికినంతనే తలను ఆ చోటికి ఆనించి, నీటిలోనే గట్టిపడు జిగురును స్రవించి, తనచుట్టు సున్నపు పలకలతో గోడ కట్టుకొని, తలక్రిందుగా నిలిచి, ఈకలవంటి కాళ్లను వెలికి చాచి మేతను లోనికి లాగికొనుచు శేషజీవితమును అచ్చటనే గడపును. చార్లెస్ డార్విన్ మహాశయుడు ఈ జీవుల పరిశీలనకై ఎనిమిదేండ్లు వెచ్చించి, 1851 మొదలు 1854 వరకు వీనిపై బృహద్గ్రంథములను ప్రకటించెను. ఓడ వేగముగా సాగుచున్నప్పుడు ఈ పిల్ల అంటుకొనజాలదు. ఓడ రేవున నిలిచి విశ్రమించు దినములే దాని ముహూర్తదినములు. ఈ యొక్క విషయమును మనసున నుంచుకొన్నచో మన తీరపు నౌకాచరిత్రలో అనేకములగు ఆచారములకు కారణము బోధపడును.

మన తీరమున సహజమైన రేవులు మిక్కిలి యరుదు. ఇసుకమేటలును, విరుగు కెరటములును, లోతులేని ఒడ్డును గల ఈ కోరమాండలమునకు వచ్చిన పెద్ద ఓడలు దూరమున లంగరు వేయగా, సరకును ఒడ్డునకు చేర్చు భారము చిన్న పడవలపై పడెడిది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున మోటుపల్లిలో వేయించిన అభయశాసనము సుప్రసిద్ధము: గాలివానకు చిక్కి ఒడ్డున బడిన ఓడల సొత్తును పూర్వరాజులు హరించుచుండిరనియు, తాను మాత్రము న్యాయమైన సుంకమునే గైకొందుననియు అందు ఆయన దేశాంతర వర్తకులకు మాట యిచ్చెను. ఆ తరువాతి అర్ధశతాబ్దిలో మార్కోపోలో ఈ తీరమును గూర్చి వ్రాసెను. శాసనము ఓడల యాపదను పేర్కొన్నదే కాని ఓడల యడుగును పేర్కొనలేదు. పేర్కొనవలసిన పనియు లేదు. అది పల్లెకారులకు నిత్యకృత్యము, రాజులకు సంబంధించని విషయము.

ఆ నిత్యకృత్యము వినుటకు అత్యల్పముగా తోచును. నాలుగైదు దుంగలను త్రాటితో బిగించి చేసిన తెప్ప వేట ముగియగానే ఒడ్డునకు వచ్చును. మోకులు విప్పి దుంగలను ఎండలో ఆరబెట్టుదురు. పలకలను కొబ్బరినారతో కుట్టి, మేకు లేకుండ కట్టిన మసూలా పడవను సైతము పదిమంది చేరి ఇసుకపైకి ఈడ్తురు. వాడరేవు, కొత్తపట్నము వంటి మన పూర్వపు ఉమ్మడి జిల్లా పల్లెలలో హార్బరు లేకపోవుటచే కలిగిన కష్టములు అనేకములు. కాని ఆ లేమియే పడవకు రక్షయైనది. ప్రతిదినము ఎండ కాగిన చెక్కపై గుల్లపిల్ల బ్రదుకజాలదు, ఓడపురుగు తొలువజాలదు. గుజరాతు తీరమున ఖంభాతు సింధుశాఖయందు ఆటుపోటుల నడుమ వ్యత్యాసము పది మీటర్లకు సైతము ఎక్కు చోట్లు గలవు గావున, అచ్చటి నావికులు పోటున ఓడను ఒడ్డునకు తెచ్చి, ఆటున అది బురదపై నిలువగా అడుగును తోముకొనగలిగిరి. మన తీరమున ఆ వ్యత్యాసము ఒకటి ఒకటిన్నర మీటర్లకు మించదు. సముద్రము స్వయముగా చేసిపెట్టని పనిని మనవారు భుజబలముతో చేసికొనిరి. ఆ భుజబలమునకు ఏ శాసనమునను చోటు దొరకలేదు.

ఒడ్డునకు ఈడ్వ వీలుకాని పెద్ద నావలకు పూతలు వచ్చెను. గుగ్గిలమును నూనెతో కాచి అతుకులలో దట్టించుటయు, సున్నమును నూనెతోడను క్రొవ్వుతోడను నూరి అడుగున దళసరిగా పట్టించుటయు హిందూమహాసముద్రమంతటను వాడుకలో నుండెను. ఈ గుగ్గిలము కథలో కొండసీమలకును పాలు గలదు. కడప, చిత్తూరు, నెల్లూరు కొండలలో పెరుగు తంబజాలారి చెట్టు మరియెచ్చటను విస్తారముగా లభింపనిది. దాని బంకను దేవుని ముందు ధూపముగా వేయుటయే కాక, ఓడలు కట్టు చోట్ల కీలునకు మారుగా వాడుచుండిరి. 18వ శతాబ్ది చివర సామర్లకోటలో నివసించి మన వృక్షసంపదను గ్రంథస్థము చేసిన విలియం రాక్స్‌బర్గు శాస్త్రజ్ఞుడే ఈ వృక్షమునకు నేటి శాస్త్రీయనామమును ఒసగెను. నీటిచుక్క కరవైన గట్లమీది చెట్టు కార్చిన బంక కడలిమీది నావకు కవచమగుట నాకు పరమానందమును గొలుపు విషయము. ఈ వృక్షము నేడు అంతరించిపోవు ప్రమాదమున నున్న జాతులలో లెక్కింపబడుచున్నది. దానిని కాపాడుకొనుటకు ధూపమొక్కటే కారణము కానక్కరలేదు.

మూడవ ఉపాయము మంచినీరు. ఉప్పునీట పుట్టిన గుల్లయు, ఓడపురుగును చిరకాలము మంచినీట నిలువలేక చచ్చును. మన పూర్వపు ఉమ్మడి జిల్లా తీరముననే పెదగంజామువద్ద దీనికి తగిన తావొకటి యుండెను. మద్రాసువైపునుండి వచ్చు బకింగ్‌హాము కాలువలోనిది ఉప్పునీరు. కృష్ణా డెల్టానుండి వచ్చు కొమ్మమూరు కాలువలోనిది నదీజలము. రెండును ఆ గ్రామమువద్ద కలిసికొనును. ఉప్పు, కట్టెలు, ధాన్యము మోయు పడవలు ఒక నీటినుండి మరియొక నీటికి మారుచుండెడివి గనుక, ఏ పూతయు ఇయ్యజాలని శుద్ధి వానికి దారివెంటనే లభించినదని ఊహించుట కష్టము కాదు. ఆ కాలువ పూడిపోయిన కథ వేరు. దానిని తలచిన ప్రతి తీరవాసికిని మనసు కలుక్కుమనును.

నది తోడి స్నేహమును పరిపూర్ణముగా వినియోగించుకొన్న ఊరు కోరంగి. గోదావరి పాయ సముద్రమును చేరు చోట, యానామునకు సమీపమున వెలసిన ఈ రేవు 18వ శతాబ్దిలో ఓడలు కట్టుటకును, పాత ఓడలను బాగుచేయుటకును పేరుపొందెను. ఎగువ అడవుల టేకు దుంగలు గోదావరి వరదపై తేలి వచ్చెడివి. ప్రక్కనున్న తాళ్లరేవు వడ్రంగులు ఆ చెక్కను మలచెడివారు. అలల తాకిడి లేని ఏటిలో, వరదకాలమున మంచినీరు నిండిన పాయలో, ఓడ నిశ్చింతగా నిలిచెడిది. 1802 ప్రాంతమున ఎబినేజర్ రోబక్ అను ఆంగ్లేయుడు అచ్చట ఓడను లోనికి తెచ్చి నీరు తోడివేసి అడుగు బాగుచేయుటకు అనువైన డాకు నొకదానిని నిర్మించెను. ఇట్టి వసతి కలకత్తాకును సింహళముననున్న తిరుకోణమలకును నడుమ దుర్లభమగుటచే నావికులకు కోరంగి గొప్ప యాధారమయ్యెను. బర్మాకు వలసపోయిన తెలుగువారిని అచ్చటివారు ఈ రేవు పేరనే కోరంగీలని పిలిచిరనిన దాని ప్రసిద్ధి ఎంతటిదో గ్రహింపవచ్చును. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు ఆ ఊరిని ఊడ్చివేసెను. మిగిలిన దానిని గోదావరి ఒండ్రు పూడ్చెను. తాళ్లరేవున మాత్రము ఉలి చప్పుడు చిరకాలము ఆగలేదు.

ఈ లోపల ఐరోపాయందు తామ్రయుగము వచ్చెను. 1761లో ఇంగ్లండు నౌకాదళమువారు అలారం అను యుద్ధనౌక యడుగునకు రాగిరేకు తాపడము చేయించి వెస్టిండీసునకు పంపిరి. తిరిగివచ్చిన పిదప చూడగా రాగి శుభ్రముగా నుండెను, గుల్ల లేదు, పురుగు లేదు; కాని రాగి తాకిన చోటనెల్ల ఇనుప మేకులు క్షీణించి పోయెను. రెండు లోహములు ఉప్పునీట కలిసి యున్నపుడు ఒకటి మరియొకదానిని తినివేయు రహస్యము అప్పటికి తెలియదు. 1824లో సర్ హంఫ్రీ డేవీ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ రహస్యమును విప్పి, రాగిరేకు అరిగిపోకుండుటకై దానికి జింకు, ఇనుము ముక్కలను చేర్పించెను. ప్రయోగము శాస్త్రదృష్టితో సంపూర్ణముగా జయించెను: రాగి చెక్కుచెదరక నిలిచెను. ఓడదృష్టితో అది అపజయమయ్యెను. ఏలన, చెక్కుచెదరని ఆ రాగిమీద గుల్లలు గుంపులుగా పెరిగెను. రాగి నీట కొద్దికొద్దిగా కరగుచుండుటయే గుల్లకు విషమనియు, కరగుట ఆపినచో రాగియు రాయియు ఒక్కటే యనియు అప్పుడు తేటపడెను. ఓడ యడుగు రక్షణచరిత్ర మొత్తమున నాకు ఇంతకంటె గంభీరమైన ఘట్టము మరియొకటి కనబడదు.

పంకా ఓడ తోకకు చేరినది దాని తరువాతనే. 1836లో స్మిత్, ఎరిక్సన్ అనువారు వేరువేరుగా మరచుట్టుపంకాకు పేటెంటులు పొందిరి. 1845లో పంకా గల రాట్లర్, ప్రక్కచక్రములు గల అలెక్టో ఓడలను వెనుకభాగములు కలిపి కట్టి లాగించిన పోటీలో రాట్లర్ గెలిచెను. అప్పటినుండి ఓడ యడుగులో మిక్కిలి సున్నితమైన అంగము పంకాయే అయ్యెను. దాని వైశాల్యము అత్యల్పము. కాని ఇంజను శక్తి యంతయు దాని రెక్కలగుండ నీటికి చేరవలయును. రెక్కమీద గోటిమందము గరుకు ఏర్పడినను నీరు నునుపుగా జారక, నెట్టుడు తగ్గి, ఇంధనము వృథాయగును; ఒక రెక్కకు ఎక్కువ, మరియొక రెక్కకు తక్కువ గుల్ల పట్టినచో ఇరుసు అదరి బేరింగులు చెడును. ఓడ మొండెమునకు వేసిన పూత నిలుచునట్లు ఈ తిరుగు రెక్కలపై నిలువదు. నీటి వేగమును, రెక్కల వెనుక పుట్టి పగులు బుడగల దెబ్బయు దానిని ఒలిచివేయును.

పంకాను కంచుతోనో ఇత్తడితోనో పోతపోయుదురు గదా, అందు రాగి యున్నది గదా, గుల్ల ఏల పట్టవలయునని అడుగువారికి డేవీగారి ప్రయోగమే సమాధానము. ఉక్కు ఓడకు తుప్పు పట్టకుండ మనము జింకు దిమ్మలు బిగింతుము. పంకా ఇరుసు ద్వారా ఆ ఉక్కుతోడను, ఆ జింకుతోడను కలిసియుండును. జింకు తాను కరగి కంచును కరగనీయదు. కరగని కంచుపై గుల్ల హాయిగా నివసించును. జింకును తీసివేసితిమా, ఓడ యడుగు తుప్పునకు చిక్కును. ఈ ఇరకాటమునుండి సంపూర్ణముగా బయటపడు మార్గము నేటికిని లేదు. నునుపుగా మెరుగుపెట్టుట, ఓడను చిరకాలము కదల్పక యుంచకుండుట, పని లేని దినములలో సైతము అప్పుడప్పుడు పంకాను త్రిప్పుట, జారుడు గుణముగల సిలికాను పూత వేయుట, ఈతగాండ్రచే నీటిలోనే తోమించుట అనునవి దానిని సడలించు ఉపాయములు మాత్రమే. సిలికాను పూతకు గుల్ల అంటుకొనినను పట్టు చిక్కదు; ఓడ వేగము పుంజుకొనగనే ఊడిపోవును. అందు విషము లేదు గనుక నాకది మిగిలినవానికంటె శ్రేష్ఠముగా తోచును. ధర యెక్కువ, గీత పడినచో పట్టు చెడును, చిన్న పడవవానికి అది ఇంకను దూరము.

తెలుగు తీరమున ఈ సమస్య పెద్దరూపము దాల్చినది విశాఖపట్టణములో. డాల్ఫిన్స్ నోసు కొండ చాటున నున్న ఉప్పుటేటి చిత్తడిని త్రవ్వి, ముఖద్వారమున అలల నాపుటకు రెండు పాత ఓడలను ముంచి నిర్మించిన ఆ రేవు 1933లో తెరవబడెను. 1941లో బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిన సింధియా నౌకాకర్మాగారమునుండి 1948 మార్చి 14న పండిత నెహ్రూ జల ఉష అను ఓడను జలప్రవేశము చేయించెను. కొండ చాటున నిశ్చలముగా నిలిచిన ఆ లోపలి జలాశయము ఓడకు ఎంత సుఖమో గుల్లకును అంతే సుఖము. ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగమున ఆచార్య పి. ఎన్. గణపతిగారును, వారి సహచరులగు లక్ష్మణరావు, నాగభూషణము గార్లును ఆ నీటిలో పలకలు వ్రేలాడదీసి, ఏ యే జీవులు ఏ యే మాసములలో వచ్చి అంటుకొనునో పరిశీలించి 1958లో ప్రకటించిరి. బురదనీట చేతులు పెట్టి గుల్లలు లెక్కించు ఆ పని కీర్తిప్రదము కాదు. ఓడ నడుపువారికి దానికంటె ఉపకారకమైన విద్య లేదు. రంగు ఎప్పుడు వేయవలయునో, ఓడను ఎప్పుడు పైకెత్తవలయునో చెప్పగలుగునది అట్టి లెక్కయే.

అదే రేవున 1967లో ఒక క్రొత్త ఆల్చిప్ప కనబడెను. వేలిగోరంత చిన్నదియై, గుత్తులు గుత్తులుగా అల్లుకొను ఆ మిటిలాప్సిస్ జాతి పుట్టినిల్లు అట్లాంటికు ఆవలి కరీబియను ప్రాంతము. ఓడల అడుగుననో, వాని కడుపులోని నీటిలోనో ఎక్కి వచ్చి, మన దేశమున ప్రప్రథమముగా విశాఖ రేవున కాపురము పెట్టెను. ఆ వార్తను 1971లో గణపతి ప్రభృతులు శాస్త్రలోకమునకు తెలిపిరి. ఈ యాల్చిప్పయే 1999లో ఆస్ట్రేలియాలోని డార్విను పట్టణపు పడవరేవులలో కనబడగా, అచ్చటివారు ఆ రేవులను మూసి, క్లోరినును, రాగి లవణమును కలిపి, నీటిలోని సమస్తజీవులతో కూడ దానిని నిర్మూలించిరి. మనకట్టి అవకాశము దాటిపోయెను. నేడది ఇచ్చట స్థిరవాసి. గుల్ల ఓడకు మాత్రమే శత్రువని తలచుట చాలదు; ఓడ అడుగు తోమకుండ విడుచుట ఒక సముద్రపు జీవమును మరియొక సముద్రముపై రుద్దుటయు అగును.

చెక్కకు రాగితో రక్ష కల్పించిన విద్యలో మనవాడొకడు ప్రపంచమునకే గురువయ్యెను. డెహ్రాడూనులోని అటవీ పరిశోధనాలయమున పనిచేసిన సొంఠి కామేశముగారు 1933లో రాగి, క్రోమియము, పాషాణముల లవణములను కలిపి, చెక్కలోనికి ఒత్తిడితో ఎక్కించినచో నీటికి కడుగుకొని పోక లోపలనే పట్టుకొను మిశ్రమమును కనుగొనిరి. అది ఆస్కు అను పేర దేశదేశములకు వ్యాపించి, తంతిస్తంభములను, రైలుపట్టాల క్రింది దిమ్మలను, సముద్రమున పాతిన గుంజలను చెదనుండియు, ఓడపురుగునుండియు కాపాడెను. మన పల్లెకారుల తెప్పదుంగలకును దానిని ఎక్కించి చూచిరి. పాషాణము విషయమున తరువాతి కాలమున కలిగిన భయము నిష్కారణము కాదు. కాని డెబ్బదియేండ్లు లోకము వాడుకొనిన ఒక విద్యకు మూలపురుషుడు తెలుగువాడని మన పాఠ్యగ్రంథములు చెప్పకపోవుట నాకు బాధాకరము.

విషముతో గుల్లను గెలువబోయిన లోకము అతి చేసినదియు గలదు. 1960 తరువాత తగరమునుండి తీసిన ట్రిబ్యుటైల్ టిన్ అను ద్రవ్యమును రంగులలో కలిపిరి. గుల్ల పట్టుట దాదాపు నిలిచిపోయెను. కాని ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతమున తినుటకు పెంచు ఆయిస్టరు చిప్పల పెంకులు వికృతములై ఆ వృత్తివారు దెబ్బతినిరి. నత్తలలో ఆడవానికి మగ అంగములు మొలిచి సంతతి నశించెను. 1982లో ఫ్రాన్సు చిన్న పడవలపై ఆ రంగును నిషేధించెను. ఆ రంగును నిషేధించుచు 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక 2008 సెప్టెంబరు 17న అమలులోనికి వచ్చెను. మరల పెక్కుమంది రాగికి తిరిగివచ్చిరి.

మన మత్స్యకారుల విషయమున పాత ఉపాయమే క్రొత్తవేషమున మరల కనబడెను. 1979లో మద్రాసు కేంద్రముగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమమువారు హార్బరు లేని ఆంధ్ర, ఒడిసా తీరములకై ఒడ్డున దిగు పడవలను రూపొందించినపుడు, ఇసుక తగులకుండ పంకాను పైకి లేపికొను ఏర్పాటును అందమర్చిరి. నేడు ఫైబరు పడవల వెనుక నుండు పొడవు గొట్టపు ఇంజను సైతము ఒడ్డు చేరగనే పైకి లేచును. ఆ పంకా రాత్రియంతయు నీటిలో నుండదు గనుక దానికి గుల్ల బాధ స్వల్పము. బాధ యంతయు విశాఖ, కాకినాడ, నిజాంపట్నము రేవులలో నెలల తరబడి నీట నిలుచు మరపడవలదే.

వానికి ఏటేట ఒక విరామము గలదు. ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు అరువదియొక్క దినములు తూర్పుతీరమున వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ప్రభుత్వము విధించిన ఆ నియమము మరపడవ యజమానికి అడుగు చూచుకొను కాలమయ్యెను. పడవను ఒడ్డునకెత్తి, ఇనుప గోకుళ్లతో గుల్ల రాల్చి, పంకా విప్పి మెరుగుపెట్టి, అరిగిన జింకు దిమ్మలను మార్చి, రాగిరంగు పూయుదురు. మే మాసపు ఎండలో పడవ క్రింద వెల్లకిల పరుండి గోకు కూలివాని ముఖముమీద గుల్లపొడియు, పాత రంగు పొడియు కలిసి పడుచుండును. ఆ పొడిలో రాగి యున్నది. పాత పూతలలో అంతకంటె చెడ్డవియు నుండవచ్చును. అతడికి ముఖమునకు గుడ్డకంటె మేలైన రక్ష నియ్యవలయును. రాలిన పొడి వానకు కొట్టుకొని మరల రేవులోనికే పోకుండ, పడవలెత్తు చోట గచ్చును, ప్రోగుచేయు గుంటయు నుండవలయును. వీనికగు వ్యయము ఒక పెద్దపడవ ఏడాది రంగుఖర్చుతో పోల్చినను గొప్పది కాబోదు.